దేవరకొండ బాయిలో డైనోసార్ కవచమా? కొత్త జాతి అని ఎప్పుడంటారు?

దేవరకొండ అవతలి నుంచి ఒక తమ్ముడు అడిగిన ప్రశ్న ఇది. బాయి ఎండిపోతే క్రేను పెట్టించి ఇంకో నాలుగు గజాలు దింపించారట. అడుగున నల్లటి గుండ్రాళ్లు వచ్చాయి, గడ్డపార తగిలితే పొరలు పొరలుగా ఊడుతున్నాయి. ఒక పలక మీద తాబేలు వీపు మీద ఉన్నట్టు గళ్లు గళ్లుగా ఉబ్బెత్తు గీతలు. చిన్నాయన చూసి "ఇవి రాకాసి బొక్కలురా, మళ్ల బాయిలనే ఏసెయ్యి" అన్నాడు. తమ్ముడేమో అంతకు ముందే ఒళ్లంతా ముళ్లున్న కొత్త డైనోసార్ వార్త చదివి ఉన్నాడు. నాలుగు ఫొటోలు పెట్టి రెండు మాటలు అడిగాడు. ఇవి అలాంటి జంతువు కవచం ముక్కలేనా? అసలు నాలుగు విరిగిన బొక్కలు చూసి, ఇది ఇంతవరకు ఎవరూ చూడని కొత్త జాతి అని ఎట్ల చెప్తారు?

మొదటిదానికి జవాబు చిన్నది. కావు. రెండోదానికే టైమ్ పడుతుంది. ముప్పై ఏళ్లకు పైగా రాళ్ల వెంట తిరిగిన ఉద్యోగం నాది. పుట్టింది మిర్యాలగూడ పక్కన. మీ బాయి రాళ్లతో చిన్నప్పటి నుంచి పరిచయం ఉంది, గోదావరి లోయ బొక్కలతో ఉద్యోగంలో చేరాక అయింది.

ముందు బాయి సంగతి తేల్చేద్దాం. మన నల్లగొండ, పాలమూరు జిల్లాల్లో ఎక్కువ భాగం కింద ఉన్నది గ్రానైట్, నైస్ అనే చారల రాయి. వాటి వయసు 250 కోట్ల సంవత్సరాల చుట్టుపక్కల, కొన్ని ఇంకా పాతవి. డైనోసార్లు భూమ్మీదకు వచ్చిందే సుమారు 23 కోట్ల ఏళ్ల కింద. పైగా గ్రానైట్ కరిగిన ముద్ద నుంచి గడ్డకట్టిన రాయి, అందులో బొక్క మిగలడమన్న మాటే లేదు. ఈ గ్రానైట్‌ను చీల్చుకుంటూ కింది నుంచి ఎగబాకి గోడలా గట్టిపడిన నల్లరాయి వరుసలు మన దగ్గర చాలా ఉన్నాయి. బస్సులో పోతుంటే ఎర్ర చెల్కల మధ్య నల్లటి గుండ్లు కుప్ప పోసినట్టు సన్నటి గుట్ట ఒకటి దూరం దాకా సాగుతూ కనబడుతుంది చూడండి, అదే. డోలరైట్ డైక్ అంటాం. మీ ఫొటోల్లో ఉన్నది అదే రాయి.

అది గుండ్రంగా ఎందుకు అవుతుందంటే, రాయి గడ్డకట్టేటప్పుడే పెట్టెల్లాగా పగుళ్లు పడుతుంది. ఆ పగుళ్లలోకి నీళ్లు దిగుతాయి. పెట్టె మూలను నీళ్లు మూడు వైపుల నుంచి తింటాయి, అంచును రెండు వైపుల నుంచి, మొకాన్ని ఒక్క వైపు నుంచే. అందుకని మూలలు ముందు పోయి పెట్టె కాస్తా గుండు అవుతుంది, ఉల్లిగడ్డ లాగ పొరలు ఊడుతుంది. "డైనోసార్ గుడ్డు దొరికింది" అని నాకు వచ్చిన ఫోన్లలో సగానికి పైగా ఈ గుండ్లవే. తాబేలు వీపు పలక కూడా దాని చుట్టమే. మెత్తబడిన రాతి పగుళ్లలో సున్నం చేరి గట్టిపడింది. చుట్టూ ఉన్న మెత్తటి రాయి అరిగిపోయి ఆ సున్నపు గీతలు పైకి తేలాయి. చూడ్డానికి బాగుంటుంది, ఒప్పుకుంటాను.

మరి మఠంపల్లి, మేళ్లచెరువు, దామరచర్ల వైపు సిమెంటు ఫ్యాక్టరీలు తవ్వుకునే సున్నపురాయి? అది గ్రానైట్ కాదు, నీళ్ల అడుగున పేరుకున్న రాయే కదా అని అడగొచ్చు. నిజమే. కానీ అది ఎముక అనే వస్తువే ఇంకా పుట్టని కాలంలో పేరుకున్నది. కంటికి కనబడని జీవులు పొరలు పొరలుగా కట్టిన గోబిపువ్వు లాంటి ఆకారాలు అలాంటి పాత సున్నపురాళ్లలో దొరకొచ్చు, బొక్క దొరకదు. తాండూరు బండల మీద కనబడే చెట్ల బొమ్మలు కూడా చెట్లు కావు, మాంగనీసు, ఇనుము నీళ్లతో పాటు పగుళ్లలో పాకి గీసిన గీతలు. మా పాత ఇంటి అరుగు మీద అలాంటి బండ ఒకటుండేది. మా నాయన అది తుమ్మచెట్టని, నేను చింతచెట్టని చాలా రోజులు వాదించుకున్నాం.

బొక్కలు దొరికే చోట్లు మనకు అసలే లేవని కాదు. రాకాసి గుళ్ల (పాతకాలపు రాతి సమాధుల) కింద దొరుకుతాయి, కానీ అవి మనుషులవి, పశువులవి, వేల ఏళ్ల నాటివి. వికారాబాద్ వైపు కథ వేరు, దాన్ని చివర్లో చెప్తాను.

ఇక అసలు ప్రశ్న. కవచమున్న డైనోసార్ అనేది ఈ మధ్య కనిపెట్టిన వింత కాదు. 1842లో రిచర్డ్ ఓవెన్ ఇంగ్లండులో "డైనోసార్" అనే వర్గాన్ని కట్టినప్పుడు ఆయన చేతిలో ఉన్నవి మూడే జంతువులు. అందులో ఒకటి, హైలియోసారస్, ఒంటి నిండా ముళ్లున్నదే. అంటే ఆ పేరు పుట్టిన రోజే కవచం వాళ్లు పీటలు వేసుకుని కూర్చున్నారు. తర్వాత వీపు మీద పలకలు నిలబెట్టుకున్న స్టెగోసార్లు ఒక దాయాది, నేలకు పరుచుకున్నట్టు ఉండి ఒళ్లంతా బిళ్లలు కప్పుకున్న యాంకిలోసార్లు ఇంకో దాయాది అని తేలింది. వార్తల్లో "ట్యాంకు లాంటి డైనోసార్" అని రాసేది ఈ రెండో వాళ్ల గురించే.

ఆ బిళ్ల ఏంటో సరిగ్గా తెలిస్తే సగం గందరగోళం పోతుంది. నల్లమలలో అలుగు ఉంటుంది కదా, దాని పొలుసులు మన గోరు లాంటి పదార్థం. చచ్చాక కుళ్లిపోతాయి, రాయిగా మారడం చాలా అరుదు. యాంకిలోసార్ బిళ్ల అలా కాదు, చర్మం లోపలే పుట్టిన అసలైన ఎముక. ఆస్టియోడెర్మ్ అంటారు. బతికున్నప్పుడు దాని మీద గోరు లాంటి తొడుగు ఉండేది, ఎద్దు కొమ్ము లోపలి బొక్క మీద పైకొమ్ము ఉన్నట్టు. మనకు దొరికేది లోపలి బొక్క. కాబట్టి బతికున్న జంతువు ముల్లు మ్యూజియంలో చూసేదాని కన్నా పొడవే.

సరే, ఒక ముక్క దొరికింది. ముందు అది బొక్కేనా? లెన్స్ పెట్టి విరిగిన అంచు చూస్తాం. బయట గట్టి పొర, లోపల బ్రెడ్డు ముక్కలా సన్న సన్న రంధ్రాలు ఉండాలి. రాయికి ఆ లోపలి అల్లిక ఉండదు. నాలుక కొనకు తాకిస్తే రంధ్రాలున్న పాత బొక్క అంటుకున్నట్టు లాగుతుంది. ఫీల్డులో అందరం చేసే పనే, కానీ ఎరువుల చెల్కలో దొరికిన దాన్ని నాకొద్దని మా జూనియర్లకు చెప్పేవాణ్ని.

బొక్కే అనుకుందాం. డైనోసార్‌దేనా? జనం తొందరపడేది ఇక్కడే. నేనూ పడ్డాను.

ఉద్యోగంలో చేరిన కొత్తలో గోదావరి లోయలో క్యాంపు. ఎర్ర మట్టిలో అరచేయంత బిళ్ల ఒకటి దొరికింది, పైన గుంటలు గుంటలు, మధ్యలో చిన్న గట్టు. మూడు రాత్రులు నిద్ర లేదు. లాంతరు పెట్టుకుని కొలతలు రాశాను, మనసులో పేరు కూడా పెట్టేశాను, ఆ పేరు ఇక్కడ చెప్పి పరువు తీసుకోను. నాలుగో రోజు సీనియర్ వచ్చారు. బిళ్లను చేతిలోకి తీసుకోకుండానే అడిగారు: "ఇది ఏ మట్టిలోంచి తీశావో ముందు చెప్పవయ్యా. జంతువు తర్వాత." మలేరి ఎర్రమట్టి అని చెప్పాను. ఆయన నవ్వి టీ చెప్పారు. మలేరి మట్టి ట్రయాసిక్ కాలానిది, అంటే డైనోసార్లు అప్పుడప్పుడే మొదలవుతున్న కాలం. అందులో పారాసూకస్ అనే, మొసలి లాగ ఉండే జంతువు మామూలే, దాని వీపు నిండా అలాంటి గుంటల బిళ్లలే. నా కొత్త డైనోసార్ ఆ టీ పూర్తయ్యేలోగా చచ్చిపోయింది.

బిళ్లలు మోసిన వాళ్లు చాలామంది మరి. మొసళ్లకు ఉన్నాయి, ఇవాళ కృష్ణలో ఉన్న మొసలికీ ఉన్నాయి. తాబేలు డిప్ప ముక్క విరిగితే చూడగానే బిళ్లే అనుకుంటాం. పొడుగు మెడ, కొండంత ఒళ్లున్న టైటనోసార్లలో కూడా కొన్నింటికి చర్మంలో ఎముక బిళ్లలు ఉండేవి. మన దేశంలో నర్మద లోయ లామేటా శిలల్లో కూడా అలాంటిది దొరికింది.

ఈ లామేటా మాట వచ్చింది కాబట్టి జబల్‌పూర్ కథ చెప్పాల్సిందే, ఈ విద్యలో ప్రతి విద్యార్థికీ చెప్పే కథ. మొదటి ప్రపంచ యుద్ధం ముగిసే రోజుల్లో అక్కడి బడా సిమ్లా గుట్టలో మాట్లీ అనే ఆంగ్లేయుడు తవ్వించాడు. నడుము ఎముకలు, కాలి ఎముక, వాటితో పాటు బిళ్లలు దొరికాయి. అన్నీ కలిపి ఒకే జంతువనుకుని, అది కవచమున్న డైనోసార్ అని తేల్చి 1923లో లామెటాసారస్ అని పేరు పెట్టాడు. తర్వాత వచ్చినవాళ్లు ఒక్కో ఎముకా తీసి చూస్తే, ఆ నడుము, కాలు రెండు కాళ్ల మీద నడిచే మాంసాహారివి. బిళ్లలు ఇంకెవరివో. ఒక పెళ్లి భోజనాల దగ్గర విడిచిన చెప్పుల్లో కుడిది ఒకరిది, ఎడమది ఇంకొకరిది తొడుక్కుని ఇంటికి వచ్చినట్టు అయింది. ఆయన్ను తప్పు పట్టలేం, అప్పటికి ఆ మాంసాహారుల నడుము ఎలా ఉంటుందో సరిగ్గా తెలిసినవాడు లేడు. కానీ పేరు మాత్రం పుస్తకాల్లో ఉండిపోయింది. తమిళనాడు అరియలూరు ప్రాంతం నుంచి 1979లో పేరు పెట్టిన ద్రవిడోసారస్ కూడా స్టెగోసార్ అన్నారు, తర్వాత ఇంకో నిపుణుడు అది సముద్రపు సరీసృపం అన్నాడు.

అందుకే ఎముక ఎంత ముఖ్యమో, అది ఏ ఎముక పక్కన ఎంత దూరంలో పడి ఉందన్నదీ అంత ముఖ్యం. మంచి తవ్వకంలో మొదట బయటికి వచ్చేది బొక్క కాదు, పటం. గజం గజం గళ్లు గీసి, ఏ గడిలో ఏ ముక్క, ఏ వైపు తల తిరిగి ఉంది, అన్నీ గీస్తారు. ఆ తర్వాతే గోనె పట్టాను ప్లాస్టర్ ఆఫ్ పారిస్‌లో ముంచి, చెయ్యి విరిగితే దవాఖానలో కట్టు కట్టినట్టు, మట్టితో సహా కట్టు కట్టి లేపుతారు. బొక్కకు ప్లాస్టర్ అంటకుండా మధ్యలో తడి కాగితం పెడతారు. ఆ కాగితం మర్చిపోయిన క్యాంపులు కూడా చూశాను, వద్దులెండి.

యాంకిలోసార్ విషయంలో ఈ పటానికి ఇంకో అవసరం ఉంది. కెనడాలో ఆల్బెర్టాలో దొరికిన వాటిలో చాలామట్టుకు వెల్లకిలా పడి ఉంటాయి. ఎందుకో చాన్నాళ్లు అర్థం కాలేదు. 2018లో జోర్డన్ మాలన్, ఆయన జట్టు లెక్క తీస్తే పరిశీలించిన 36లో 26 వెల్లకిలానే ఉన్నాయి. చచ్చిన జంతువు వాగులో, నదిలో తేలుతుంది, పొట్ట ఉబ్బుతుంది, వీపు మీద బిళ్లల బరువుంది కాబట్టి పడవ బోల్తా పడ్డట్టు తిరగబడుతుంది. వానకాలంలో వాగులో కొట్టుకుపోయే గొడ్డును చూసినవాడికి ఇది కొత్త కాదు. కాకపోతే అలా తేలుతూ పోయేటప్పుడు తోలు చీలి బిళ్లలు దారి పొడుగునా రాలుతాయి. రెండు జంతువుల బిళ్లలు ఒకే గుంటలో చేరొచ్చు. పటం లేకుంటే రెండూ కలిసి మూడో జంతువు పుడుతుంది, జబల్‌పూర్‌లో పుట్టినట్టు.

ఇప్పుడు జంతువు ఒకటే, యాంకిలోసారే అని తేలిందనుకోండి. కొత్తదా పాతదా? కొత్తది అనడానికి అందం, సైజు పనికిరావు. పెద్దగా ఉంటే ముసలిది కావచ్చు, చిన్నగా ఉంటే పిల్ల కావచ్చు. పిల్ల డైనోసార్లకు వేరే జాతి అని పేర్లు పెట్టి తర్వాత నాలుక కరుచుకున్న సందర్భాలు ఉన్నాయి. వెన్నుపూస పైభాగం, కింది భాగం అతుక్కుపోయాయా లేదా చూస్తారు. అవసరమైతే ఎముకను కాగితం కన్నా పల్చగా అరగదీసి మైక్రోస్కోపు కింద ఎదుగుదల గీతలు లెక్కపెడతారు, చెట్టు మొద్దులో వలయాలు లెక్కపెట్టినట్టు. మీద బరువు పడి ఎముక అణిగి వంకర పోయిందా, ఆ వంకర పుట్టుకతో ఉందా అనేది ఇంకో తలనొప్పి. కుడి ఎముకను ఎడమ ఎముకతో పోల్చి చూస్తే చాలాసార్లు తేలిపోతుంది. రెండింట్లో ఒకటే వంగితే అది మట్టి చేసిన పని.

ఇవన్నీ తీసేశాక మిగలాల్సింది ఒక గుర్తు. మిగతా ఏ జంతువుకూ లేని, దీనికొక్కదానికే ఉన్న గుర్తు. కనీసం విడివిడిగా వేరేవాటికి ఉన్నా, ఇలా కలిపి ఎవరికీ లేని గుర్తుల మూట. ఊళ్లో ఇద్దరు నరసింహలు ఉంటే ఎలా గుర్తుపడతాం? ఒకరికి ఎడమ చేతికి ఆరు వేళ్లు అంటే అయిపోయింది, అది ఒక్కటే చాలు. ఆ భాగ్యం లేనప్పుడు పొడుగు, నలుపు, కుంటుతాడు అని మూడు కలిపి చెప్తాం. జాతి లక్షణాలు రాసేది కూడా ఈ రెండు పద్ధతుల్లోనే.

దానికోసం ఇంతకుముందు పేరు పెట్టినవన్నీ చూడాలి. ఫొటోలు చూస్తే సరిపోదు, ఆ ఎముకలున్న మ్యూజియంకు పోయి చేత్తో పట్టుకుని చూడాలి. ఈ పని ఎంత అవసరమో ఇంగ్లండులోని వైట్ ద్వీపం చెప్తుంది. అక్కడ 1865లో పొలకాంతస్ అనే కవచధారికి పేరు పెట్టారు. ఆ తర్వాత ఆ ద్వీపంలో ఏ యాంకిలోసార్ ముక్క దొరికినా "ఆ, పొలకాంతసే" అని డబ్బాలో వేసి చీటీ అంటించారు. 2023లో స్టువర్ట్ పాండ్, తోటివాళ్లు ఒక అస్థిపంజరాన్ని బయటికి తీసి మెడ పూసలు, వీపు పూసలు, నడుము ఒక్కొక్కటే పోల్చి చూస్తే ఒక్కటీ సరిపోలేదు. ముళ్లు కూడా దానికన్నా ఎక్కువగా కత్తి వాదరల్లా ఉన్నాయి. పైగా అది దొరికిన పొర పొలకాంతస్ పొర కన్నా లక్షల ఏళ్లు పాతది. వెక్టిపెల్టా అని పేరు పెట్టారు. అంటే కొత్త జాతి గుట్ట మీదనే దొరకాలని లేదు, పాత చీటీ అంటించిన డబ్బాలో కూడా ఉంటుంది. నన్నడిగితే మన దేశంలో ఇప్పుడు ఎక్కువ పని ఉన్నది డబ్బాల్లోనే.

మీరు చదివిన ముళ్ల డైనోసార్ స్పైకోమెల్లస్ అయి ఉంటుంది. దాని కథ మీ ప్రశ్నకు సరిగ్గా సరిపోతుంది, ఎందుకంటే అది మొదలైంది ఒకే ఒక్క పక్కటెముకతో. మొరాకోలోని అట్లాస్ కొండల్లో దొరికి, లండన్ నేచురల్ హిస్టరీ మ్యూజియంకు చేరింది. ఆ పక్కటెముక మీద ముళ్లు నేరుగా అతుక్కుని ఉన్నాయి. మామూలుగా బిళ్లలు చర్మంలో ఉంటాయి, పక్కటెముకకూ వాటికీ మధ్య కండ ఉంటుంది. ఎముకకే ముల్లు మొలవడం బతికున్న, చచ్చిన ఏ జంతువులోనూ ఎవరూ చూడలేదు. ఎవరో వ్యాపారి రెండు ముక్కలు జిగురుతో అతికించి అమ్మాడేమో అన్న అనుమానం సహజంగానే వచ్చింది. సీటీ స్కాన్ చేశారు, అతుకు లేదు. చిన్న ముక్క అరగదీసి మైక్రోస్కోపు కింద చూశారు, యాంకిలోసార్ ఎముకల్లో మాత్రమే కనబడే అడ్డదిడ్డం పోగుల అల్లిక కనబడింది, మన చాప అల్లినట్టు. 2021లో సుజానా మెయిడ్‌మెంట్, తోటివాళ్లు ఆ ఒక్క పక్కటెముక మీద పేరు పెట్టారు. ఆరు వేళ్ల నరసింహ అన్నానే, అదే ఇది.

ఒక్క పక్కటెముకతో పేరా అని గొణిగినవాళ్లలో నేనూ ఒకణ్ని. 2025లో అదే ప్రాంతం నుంచి ఇంకా చాలా ఎముకలు వచ్చాయి. పక్కటెముకలకు ముళ్లు అలాగే అతుక్కుని ఉన్నాయి, మెడ చుట్టూ ఎముక పట్టీ, ఆ పట్టీకి 87 సెంటీమీటర్ల ముల్లు. దాదాపు మీటరు, పైన తొడుగు లెక్క వేయకుండానే. తోక చివర పూసలు కలిసిపోయి కర్ర పిడిలా గట్టిపడ్డాయి, అంటే తోకతో కొట్టే ఆయుధం అప్పటికే ఉందన్నమాట. సుమారు 16.5 కోట్ల ఏళ్ల కింద. యాంకిలోసార్లకు తోక ఆయుధాలు అంతకు 3 కోట్ల ఏళ్ల తర్వాత గానీ రాలేదని అప్పటిదాకా అనుకున్నాం. నా గొణుగుడు వెనక్కి తీసుకున్నాను.

తోక సంగతిలో ఇంకో హెచ్చరిక. గద లాంటి తోక ఉంటేనే యాంకిలోసార్ అని పిల్లల పుస్తకాల్లో వేస్తారు. సగం వాటికి గద లేదు. చిలీ దక్షిణ కొసన దొరికి 2021లో పేరు పెట్టిన స్టెగౌరోస్‌కు తోక చివర బల్లపరుపుగా, రెండు పక్కలా రంపం పళ్లలా ఏడు జతల బిళ్లలు. జంతువేమో రెండు మీటర్లే. తోక ఒక్కటే దొరికి ఉంటే ఎవరు ఏమనేవారో ఊహించుకోండి.

మరి మన రాష్ట్రం? మన దగ్గర డైనోసార్లు ఉన్నది ప్రాణహిత, గోదావరి లోయలో. కోటా శిలలు అంటారు, జురాసిక్ కాలానివి. బారాపాసారస్ ఆ లోయలోనే మహారాష్ట్ర వైపు ఉన్న పోచంపల్లి దగ్గర దొరికింది (మన చీరల పోచంపల్లి కాదు, చాలామంది పొరబడతారు). కోటాసారస్ యామన్‌పల్లి దగ్గర దొరికింది, 1988లో యాదగిరి అనే జీఎస్ఐ (దేశంలో రాళ్లు, ఖనిజాల సర్వే చేసే సర్కారు సంస్థ) శాస్త్రవేత్త పేరు పెట్టారు. దాని అస్థిపంజరం హైదరాబాద్ బిర్లా సైన్స్ మ్యూజియంలో నిలబెట్టి ఉంది, హైదరాబాద్ పోయినప్పుడు చూసి రండి. ఇవి రెండూ పొడుగు మెడవి, కవచం లేనివి. కానీ అదే కోటా శిలల్లో బిళ్లలూ దొరికాయి. 2002లో యాదగిరి, ఇంకో ఇద్దరు కలిసి కవచమున్న డైనోసార్ అని మొదట రాశారు. 2019లో పీటర్ గాల్టన్ ఆ బిళ్లలనే మళ్లీ తీసి వివరంగా చూసి, యాంకిలోసార్లలో ఇంతవరకు దొరికిన వాటిలో ఇవే అన్నిటికన్నా పాతవని రాశాడు. ఆయన లెక్కన లోకంలో అన్నిటికన్నా పాత యాంకిలోసార్ మన గోదావరి ఒడ్డుది!

అయినా పేరు పెట్టలేదు. మీ రెండో ప్రశ్నకు ఇంతకన్నా మంచి జవాబు నాకు దొరకదు. బిళ్లలు ఫలానా వర్గానివి అని చెప్పగలిగారు, కానీ దీనికొక్కదానికే అని చూపించే గుర్తు వాటిలో పేరు పెట్టేంత లేదు. ఒకే జంతువు వీపు మీద మెడ దగ్గర బిళ్ల ఒకలా, నడుము మీద ఒకలా, తోక పక్కన ఇంకోలా ఉంటుంది. విడి బిళ్ల మీద పేరు పెడితే రేపు ఇంకొకరు ఇంకో బిళ్ల మీద ఇంకో పేరు పెడతారు, రెండూ ఒకే జంతువు వీపువి అవుతాయి. ఆగడం కూడా పనిలో భాగమే.

పేరు పెట్టే తంతు క్లుప్తంగా చెప్తాను. ఒక స్పెసిమెన్‌ను మూలంగా ప్రకటించాలి, హోలోటైప్ అంటారు. రేపు ఎవరికి అనుమానం వచ్చినా వచ్చి చూసుకునేలా అది మ్యూజియం లాంటి చోట నంబరుతో ఉండాలి, ఎవరింట్లోనో షోకేసులో ఉంటే ఏ మంచి పత్రికా తీసుకోదు. దేనితో ఎక్కడ తేడానో రాయాలి, వంశవృక్షంలో ఎక్కడ కూర్చుంటుందో లెక్క కట్టి చూపాలి. దొరికించుకున్నవాడి పేరు పెడతారా అని చాలామంది అడుగుతారు. పెట్టొచ్చు, పెట్టాలని లేదు. 2011లో కెనడాలో ఇసుక చమురు గనిలో షాన్ ఫంక్ అనే మిషన్ ఆపరేటరుకు తోలుతో సహా రాయి అయిన కవచధారి దొరికింది. దాన్ని రాతి నుంచి వేరు చేయడానికి మార్క్ మిచెల్ అనే టెక్నీషియన్ 7,000 గంటలు కూర్చున్నాడు. 2017లో పెట్టిన పేరు బొరియలోపెల్టా మార్క్‌మిచెల్లి. అయితే ఫంక్ మిషన్ ఆపి పైవాళ్లకు చెప్పకపోతే మిచెల్‌కు పనే లేదు. మన క్వారీల్లో, క్రషర్ల దగ్గర పొక్లెయిన్ నడిపే పిల్లలకు ఈ కథ చెప్తుంటాను.

వికారాబాద్ వైపు సంగతి చెప్తానన్నాను. అక్కడ దక్కన్ లావా రాళ్లు ఉన్నాయి, సుమారు 6.6 కోట్ల ఏళ్ల నాటివి, అంటే డైనోసార్ల ఆఖరి రోజులు. ఒక లావా పొర మీద ఇంకో లావా పొర వచ్చేలోపు మధ్యలో చెరువులు ఏర్పడ్డాయి, వాటి అడుగు మట్టి రెండు నల్లరాళ్ల మధ్య సన్నటి పొరగా మిగిలింది. నస్కల్ దగ్గర అలాంటి పొరలోంచే డెక్కనోలెస్టిస్ అనే ఎలుకంత పాలిచ్చే జంతువు బయటపడింది. ప్రసాద్, సాహ్ని 1988లో రాశారు, మన దేశంలో ఆ కాలపు క్షీరదం అదే మొదటిది. దొరికినవి మామూలు కంటికి సరిగ్గా ఆనని పళ్లు. మట్టిని బస్తాలకు బస్తాలు నానబెట్టి సన్న జల్లెడ పట్టి, మిగిలిన రవ్వను మైక్రోస్కోపు కింద ఏరాలి, బియ్యంలో రాళ్లు ఏరినట్టు. మన దక్షిణ తెలంగాణలో ఎవరైనా ఇలాంటి వేట మొదలుపెట్టాలంటే ఆ బూడిదరంగు మట్టి పొర వెతకండి. యాంకిలోసార్ పన్ను కూడా చిన్నదే, ఆకు ఆకారంలో అంచులకు రంపం పళ్లతో ఉంటుంది. జల్లెడలో అలాంటిది తగిలితే నాకు అర్ధరాత్రయినా ఫోన్ చేయొచ్చు. ఏదైనా తగిలిందనిపిస్తే సుత్తి, ఉలి పెట్టకండి. పక్కన రూపాయి బిళ్ల పెట్టి ఫొటో తీయండి, ఎంత లోతులో, ఏ పొరలో ఉందో రాసుకోండి, హైదరాబాద్ బండ్లగూడలో జీఎస్ఐ ఆఫీసు ఉంది, అక్కడ చూపించండి.

గుండ్రాళ్లు మాత్రం బాయిలో మళ్లీ వేయకండి, ఒడ్డుకు కట్టుకోండి, నల్లరాయి గట్టిది. చిన్నాయనతో ఇవి రాకాసి కన్నా కొన్ని వందల కోట్ల ఏళ్లు పెద్దవని చెప్పండి, ఆయన ఊరుకుంటాడో లేదో చూద్దాం.

ఇంకొకటి. మీ నాలుగో ఫొటోలో, పైన ఒడ్డు మట్టి మొదటి గజంలో, తెల్లగా మెరుస్తున్న చిన్న ముక్క ఉంది. మీరు దాని గురించి అడగలేదు గానీ నాకు కళ్లు అక్కడే ఆగాయి. గొడ్డు దవడ పన్ను అయి ఉంటుంది, నమిలే మొకం మీద ఎనామెల్ మడతలు నెలవంకల్లా ఉంటే ఖాయం. మట్టి కడగకుండా, పై నుంచి ఒకటి, పక్క నుంచి ఒకటి, రూపాయి బిళ్ల పక్కన పెట్టి ఫొటో తీసి పంపండి. పక్కన కుండ పెంకులేమైనా ఉన్నాయేమో కూడా చూడండి.